ఒకే ఇంట్లో చెరువూ గేదే: సుంకాల తగాదాలు, ఒప్పందాల బేరాలు

(భీమవరంలో రొయ్య రైతులు, కామర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చెరువు పని వదులుకుని వచ్చిన రైతు సోదరులకు, క్లాసు అయిపోయినా ఇళ్ళకు వెళ్ళకుండా కూర్చున్న పిల్లలకు ముందుగా నా కృతజ్ఞతలు.

2025 ఆగస్టు 27 తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో దిగే భారత సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి చేరిన రోజు అది. మన రొయ్య మీద అప్పటికే రెండు సుంకాలున్నాయి. సరుకును మరీ చవకగా కుమ్మరిస్తున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం రెండున్నర శాతం దాకా, ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం 5.77 శాతం. అన్నీ కలిపితే ఆ రోజు లెక్క 58 శాతం దాటింది. ఇక్కడ కౌంట్ రేట్లు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క మీద ఇచ్చే ధరలు, ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మేత అప్పు, లీజు డబ్బు, కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని ఆ రేట్లు చూసినవాళ్ళు మీరు.

నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. 2004 నుంచి చాలా ఏళ్ళు నా పనేమిటంటే, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల లెక్కలను అమెరికా వాణిజ్య శాఖ అడిగిన పద్ధతిలో రాసి పంపడం. అందుకే సుంకం అనగానే నాకు ముందు రాజకీయ నాయకులు కాకుండా ఫైళ్ళు గుర్తొస్తాయి. ఆ 58 శాతంలో మూడు ముక్కలున్నాయి, మూడూ మూడు దారుల్లో వచ్చాయి. రెండు దారుల్లో మనం మాట్లాడటానికి చోటుంది. మూడో దారిలో ఆ చోటు దాదాపు లేకపోయింది, అక్కడ మిగిలింది బేరం ఒక్కటే. ఈ తేడా తెలియకపోతే ఎవరిని ఏమడగాలో కూడా మనకు తెలియదు.

మన రొయ్యకు అంతర్జాతీయ తగాదా కొత్త కాదు. మొదటిది తాబేళ్ళ దగ్గర మొదలైంది. రొయ్యల వలల్లో సముద్ర తాబేళ్ళు చిక్కుకుని చనిపోతున్నాయని అమెరికా 1989లో ఒక చట్టం చేసింది. వలలో తాబేలు బయటపడే ఏర్పాటు లేని దేశాల నుంచి, సముద్రంలో పట్టిన రొయ్య కొనకూడదు. 1996 మే నుంచి దాన్ని ఆసియా దేశాలకూ వర్తింపజేశారు. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు, అంటే డబ్ల్యూటీఓకు వెళ్ళాయి. 1998 అక్టోబరులో ఆ సంస్థలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ బాడీ ఇచ్చిన తీర్పు నాకు చాలా ఇష్టం. తాబేళ్ళను కాపాడాలనుకోవడం తప్పు కాదు, దానికి వాణిజ్యాన్ని అడ్డుకునే హక్కు కూడా ఉంది అన్నారు. కానీ కరీబియన్ దేశాలకు మూడేళ్ళు గడువిచ్చి, సాంకేతిక సాయం చేసి, ఆసియావాళ్ళకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అన్నారు.

మనం గెలిచాం అని పత్రికలు రాశాయి. గెలిచింది సగమే. అమెరికా అమలు పద్ధతిని సరిదిద్దుకుంది, చట్టం అలాగే ఉంది. మలేషియా మళ్ళీ వెళ్ళి 2001లో ఓడిపోయింది. శ్రీకాకుళం మొదలుకుని మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ చట్టం వెనకున్న బాధ కూడా అబద్ధం కాదు. ఇందులో చెరువు రైతుకు సంబంధించిన చిన్న సంగతి ఒకటుంది. కనీసం 30 రోజులు చెరువులో పెరిగిన రొయ్యకు ఆ నిషేధం వర్తించదు. నిబంధనల్లో ఆ ఒక్క వాక్యం లేకపోతే మీ సరుకు అమెరికా గడప తొక్కేది కాదు. అంతర్జాతీయ వాణిజ్యంలో బతుకులు ఇలాంటి వాక్యాల మీద నడుస్తాయి.

ఇక అసలు కథకు వస్తాను. 2003 డిసెంబరు 31న అమెరికా దక్షిణ రాష్ట్రాల రొయ్యల జాలర్లు, ప్రాసెసర్లు ఆరు దేశాల మీద పిటిషన్ వేశారు. బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, భారత్, థాయ్‌లాండ్, వియత్నాం. ఈ దేశాలు సరసమైన ధర కంటే తక్కువకు మా మార్కెట్లో రొయ్యను కుమ్మరిస్తున్నాయి అని ఫిర్యాదు. వాళ్ళ బాధ నిజం కాదని నేను అనను. సముద్రంలోకి బోటు తీసుకెళ్ళి పట్టేవాడు చెరువులో పెంచేవాడితో ధరలో పోటీ పడలేడు. లూసియానాలో బోటు అప్పు తీర్చలేని మనిషి, మన దగ్గర మేత అప్పు తీర్చలేని మనిషి ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూడలేదు, కానీ ఇద్దరి ఇళ్ళలో మాటలు ఒకటే అయి ఉంటాయి.

అక్కడ పద్ధతి ఏమిటంటే, రెండు సంస్థలు విడివిడిగా తేల్చాలి. డంపింగ్ ఎంత శాతం అనేది వాణిజ్య శాఖ లెక్కగడుతుంది. దానివల్ల తమ దేశ పరిశ్రమకు నష్టం జరిగిందా అనేది ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ తేలుస్తుంది. రెండూ అవును అంటేనే సుంకం. 2005 ఫిబ్రవరి 1న ఆర్డర్ వచ్చింది. విడిగా రేటు తేలని భారత కంపెనీలన్నింటికీ 10.17 శాతం.

ఆ అంకె ఎలా వచ్చిందో చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. దేశంలో రొయ్య ఎగుమతిదారులు వందల్లో ఉంటారు. అందరి లెక్కలూ చూడటం కుదరదని అమెరికా పెద్ద ఎగుమతిదారులను ఇద్దరు ముగ్గురిని ఎంచుకుంటుంది. వాళ్ళ పుస్తకాలు తిరగేసి రేటు తేలుస్తుంది. మిగతా అందరికీ ఆ రేట్ల సగటే. అంటే పాలకొల్లు పక్కన చెరువులో పెరిగిన రొయ్య మీద పడే సుంకాన్ని, ఆ రైతు ఎప్పుడూ చూడని రెండు మూడు కంపెనీల ఖాతా పుస్తకాలు నిర్ణయిస్తాయి.

ఆ ప్రశ్నపత్రం మొదటిసారి నా బల్ల మీద పెట్టినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ప్రతి అమ్మకానికీ తేదీ, కౌంట్, తల ఉందా లేదా, పొట్టు తీశారా, ఉడికించారా, ఐస్ ఎంత, లారీ బాడుగ ఎంత, ఓడ బాడుగ ఎంత, బ్యాంకు వడ్డీ ఎంత. ఏడాది సరుకంతా ఇలా వరుసల్లో రాయాలి. మన దేశంలో ఆ రొయ్య అమ్మకం చాలా తక్కువ కాబట్టి స్థానిక ధరతో పోల్చడం కుదరదు. మూడో దేశానికి అమ్మిన ధరతోనో, తయారీ ఖర్చుకు లాభం కలిపిన లెక్కతోనో పోలుస్తారు. ఖర్చు లెక్క అన్నప్పుడు మన అసలు బలహీనత బయటపడింది. ఒక ప్లాంటులో, పేరు అక్కర్లేదు, చెరువుగట్టు మీద నగదు ఇచ్చి కొన్న రొయ్యకు సరైన రసీదులు లేవు. ఏజెంటు చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నాడు. నేను ఆ పుస్తకం పట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. ఆధారం చూపలేని చోట వాళ్ళ దగ్గరున్న సమాచారాన్ని మనకు వ్యతిరేకంగా వాడుకునే అధికారం వాళ్ళ చట్టంలో ఉంది. మన రొయ్య చవకగా అమ్మినందుకు కాకుండా, సరిగ్గా రాయనందుకు సుంకం పెరిగే ప్రమాదం అది. ఈ మాట ఇప్పటికీ నా గుండెల్లో గుచ్చుకుంటుంది.

ఇంకొకటి, లెక్క కట్టే పద్ధతిలోనే ఒక అన్యాయం ఉండేది. దాన్ని జీరోయింగ్ అంటారు. సరసమైన ధర వంద రూపాయలు అనుకోండి. మీరు ఒక లాటు 90కి అమ్మారు, ఇంకో లాటు 110కి అమ్మారు. సగటు సరిగ్గా వంద. డంపింగ్ లేనట్టే కదా? వాళ్ళు మాత్రం 90కి అమ్మిన దాంట్లో పది రూపాయల తేడాను లెక్కలోకి తీసుకుని, 110కి అమ్మిన దాంట్లో వచ్చిన పదిని సున్నా చేసేవాళ్ళు. రెండు వందల అమ్మకంలో పది డంపింగ్, ఐదు శాతం సుంకం. ఈ పద్ధతి మీద ఈక్వెడార్, థాయ్‌లాండ్, వియత్నాం రొయ్యల కేసుల్లోనే వేర్వేరుగా డబ్ల్యూటీఓకు వెళ్ళి గెలిచాయి. యూరప్, జపాన్ కూడా ఇతర సరుకుల మీద పోరాడాయి. చివరికి 2012లో వాళ్ళతో రాజీ కుదుర్చుకుని, ఏటా చేసే సమీక్షల్లో అమెరికా ఆ పద్ధతి మానేసింది.

మన దేశం గట్టిగా నిలబడింది బాండు కేసులో. అమెరికాలో యాంటీ డంపింగ్ సుంకం రెండు విడతల్లో తేలుతుంది. సరుకు దిగినప్పుడు అంచనా రేటు మీద డిపాజిట్ కడతారు. అసలు ఎంత కట్టాలో సమీక్ష తర్వాత, ఏడాదికో రెండేళ్ళకో తెలుస్తుంది. ఈలోపు దిగుమతిదారు పారిపోతే ఎలా అని కస్టమ్స్ వాళ్ళు డిపాజిట్ పైన ఒక బాండు, అంటే పూచీకత్తు పత్రం, కూడా అడిగారు. అంతకుముందు అది ఏడాదిలో కట్టిన సుంకంలో పది శాతం ఉంటే చాలు. రొయ్యల విషయంలో మాత్రం గత 12 నెలల దిగుమతి విలువ మీద సుంకం రేటు మొత్తానికీ బాండు ఇవ్వమన్నారు. పది కోట్ల సరుకు తెచ్చినవాడు 10.17 శాతం చొప్పున కోటికి పైగా డిపాజిట్ కట్టి, ఇంకో కోటికి పైగా బాండు పెట్టాలి. ఆ సమీక్ష తేలేలోపు వచ్చే ఏడాది బాండు దాని మీద పడుతుంది. చిన్న ఎగుమతిదారుకు ఇది ఉరితాడు.

భారత్ 2006లో ఫిర్యాదు చేసింది. 2008 జులైలో అప్పిలేట్ బాడీ ఆ బాండు సమంజసమైన పూచీకత్తు కాదని తేల్చింది. మరుసటి ఏడాది అమెరికా దాన్ని తీసేసింది. సంతోషమే. కానీ నాలుగేళ్ళపాటు బ్యాంకుల్లో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. డబ్ల్యూటీఓ తీర్పు అప్పటి నుంచి ముందుకే పనిచేస్తుంది, వెనక్కి తిరిగి నష్టపరిహారం ఇప్పించదు. విద్యార్థులు ఈ సంగతి రాసుకోండి, పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఒక్క లైనులో దాటేస్తారు. చెరువు లీజుకు తీసుకున్నవాడికి ఆ ఒక్క లైనే జీవితం.

రెండో దారి కౌంటర్‌వెయిలింగ్. మీ ప్రభుత్వం మీకు సబ్సిడీ ఇచ్చింది కాబట్టి ఆ మేరకు మేం సుంకం వేస్తాం అనడం. 2012 డిసెంబరులో మన మీద, మరికొన్ని దేశాల మీద ఈ పిటిషన్ వేశారు. 2013 సెప్టెంబరులో ట్రేడ్ కమిషన్ ఓటేసి నష్టం రుజువు కాలేదంది, కేసు పోయింది. పదేళ్ళ తర్వాత, 2023లో మళ్ళీ వేశారు. 2024 చివర్లో ఈసారి అవును అన్నారు. అదే ఆ 5.77 శాతం. కట్టిన సుంకాన్ని ఎగుమతి చేసినప్పుడు తిరిగి ఇచ్చే డ్యూటీ డ్రాబ్యాక్ లాంటి వాటిని ఈ కేసుల్లో తిరగేసి చూస్తారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకం ప్రకటించినప్పుడు మనం చప్పట్లు కొడతాం. దాన్ని ఏ మాటల్లో రాశారో చూసే మనిషి అప్పుడే ఒకడు ఉండాలి. పథకం అందరికీ వర్తించేదిగా ఉందా, ఒక్క పరిశ్రమకే ఉందా, ఎగుమతి చేస్తేనే ఇస్తారా. ఎగుమతికి ముడిపెట్టిన మరుక్షణం అది అవతలివాడి చేతికి ఆయుధం అవుతుంది.

ఈ రెండు దారుల్లోనూ నోటీసు వస్తుంది, గడువు ఉంటుంది, విచారణ ఉంటుంది, వాళ్ళ కోర్టుకు వెళ్ళే హక్కు ఉంటుంది. కష్టమైనా ఒక తలుపు ఉంది. 2025లో వచ్చిన 50 శాతం అలా రాలేదు. ఒకటి పరస్పర సుంకం పేరుతో వచ్చిన 25, ఇంకొకటి రష్యా చమురు కొంటున్నామని వేసిన 25. అత్యవసర ఆర్థిక అధికారాల పేరుతో ఉన్న 1977 నాటి చట్టం కింద అధ్యక్షుడి సంతకంతో వచ్చాయి. నష్టం ఎంత, డంపింగ్ ఎంత అన్న లెక్కలు అందులో లేవు.

మరి డబ్ల్యూటీఓకు వెళ్ళలేమా అని అడుగుతారు. వెళ్ళొచ్చు. కానీ అక్కడి పరిస్థితి కూడా తెలుసుకోవాలి. అప్పిలేట్ బాడీలో ఏడుగురు సభ్యులుండాలి, ఒక కేసు వినడానికి ముగ్గురు కావాలి. అమెరికా ఏళ్ళ తరబడి కొత్త నియామకాలకు ఒప్పుకోలేదు. 2019 డిసెంబరు 10న ఇద్దరి పదవీకాలం ముగిసింది. ఒకరు అమెరికాకు చెందిన థామస్ గ్రాహం, మరొకరు మన దేశానికి చెందిన ఉజాల్ సింగ్ భాటియా. ఒక్కరే మిగిలారు. ఏడాది తిరక్కుండా ఆ ఒక్కరూ వెళ్ళిపోయారు. ఇప్పుడు కేసును మొదట వినే కింది ప్యానెల్‌లో ఓడినవాడు అప్పీలు వేస్తే చాలు, కేసు అక్కడే ఆగిపోతుంది. ఇది మనం కూడా చేశామని చెప్పాలి. మన చక్కెర సబ్సిడీల కేసులో 2021 డిసెంబరులో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెబితే, మనం వినేవాళ్ళు లేని ఆ బాడీకి అప్పీలు చేశాం. చెరకు రైతు కోణంలో నాకు అర్థమవుతుంది. కానీ న్యాయస్థానం లేని ఊళ్ళో లాభపడేది ఎప్పుడూ పెద్ద రైతే. రేపు రొయ్య కేసులో మనం గెలిచినా అవతలివాళ్ళూ ఇదే పని చేస్తారు. అప్పీళ్ళకు ప్రత్యామ్నాయంగా కొన్ని దేశాలు 2020లో ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నాయి. మనం అందులో చేరలేదు. చేరాలని నా అభిప్రాయం.

కోర్టు పనిచేయనప్పుడు మిగిలేది బేరం. 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేసింది. 2019 జూన్‌లో మనం అక్కడి బాదం, ఆపిల్, వాల్‌నట్, శనగ, పప్పుల మీద అదనపు సుంకం వేశాం. కాలిఫోర్నియా బాదం రైతుకు, వాషింగ్టన్ రాష్ట్రం ఆపిల్ రైతుకు తగిలేలా ఎంచుకున్నవి అవి. 2023 జూన్‌లో భారత్, అమెరికా తమ మధ్య ఉన్న ఆరు తగాదాలు ఒకేసారి ముగించుకున్నాయి. ఏడోది కోళ్ళ తగాదా. బర్డ్ ఫ్లూ పేరుతో 2007లో మనం పెట్టిన నిషేధం మీద మొదలై 2015లో మనం ఓడిపోయిన కేసు. ఏటా 45 కోట్ల డాలర్ల ప్రతీకార సుంకం వేసుకోవడానికి అమెరికా అనుమతి అడిగింది. 2023 సెప్టెంబరులో అదీ రాజీతో పోయింది. తీర్పు పక్కనపెట్టి, టర్కీ కోడి, బాతు మాంసం, బ్లూబెర్రీల మీద మనం సుంకం తగ్గించాం.

బేరంలో బలం ఎక్కడుంటుంది? 2025లో ఆ 50 శాతం నుంచి మందులకు మినహాయింపు దొరికింది. హైదరాబాద్ మందులు లేకపోతే వాళ్ళ ఆసుపత్రుల్లో ఇబ్బంది అవుతుంది. రొయ్యకు దొరకలేదు. ఎందుకంటే ఆ ఆగస్టులో ఈక్వెడార్ మీద 15 శాతం, ఇండోనేషియా, థాయ్‌లాండ్ మీద 19, వియత్నాం మీద 20. మనం కాకపోతే వాళ్ళు పంపుతారు. మన దగ్గర తప్ప దొరకని సరుకు అయితే బేరం మనది. ఒక చిన్న దారి మాత్రం చూపిస్తాను. ఆ 2005 యాంటీ డంపింగ్ ఆర్డరులో బ్రెడ్ పొడి పట్టించిన రొయ్యకు మినహాయింపు ఉంది. వండటానికి సిద్ధంగా ఉండే సరుకు వైపు మన ప్లాంట్లు మరింత వెళ్ళి ఉంటే, ఆ ఒక్క సుంకమైనా తప్పేది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని విషయం. వాణిజ్య ఒప్పందంలో ఎవరూ ఊరికే ఏదీ ఇవ్వరు. మీ రొయ్యకు సుంకం తగ్గించమంటే మా పాల పొడికి, మా మొక్కజొన్నకు, మా సోయాకు తలుపు తీయండి అంటారు. ఇక్కడ మన ఇళ్ళు చూడండి. ముందు చెరువు ఉంటుంది, వెనక కొట్టంలో రెండు గేదెలుంటాయి. చెరువు డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తే వస్తుంది, పోతే పోతుంది. రోజూ ఇల్లు నడిపేది పాల డబ్బు, అది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ చేతికి వస్తుంది. ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో బేరం కుదిరితే, చెరువుకు లాభం, గేదెకు నష్టం ఒకే గడపలో పడతాయి. సోయా పిండి చవకగా దిగుమతి అయితే రొయ్య మేత ధర తగ్గుతుంది, అదే ఆదిలాబాద్ సోయా రైతుకు దెబ్బ. 2021 ఆగస్టులో కోళ్ళ దాణా ధరలు మండిపోతే కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతిచ్చింది. అప్పుడే ఈ రెండు వర్గాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో మన రొయ్యకు సుంకం సున్నా అవుతుంది. పాల ఉత్పత్తులను మన మినహాయింపుల జాబితాలో ఉంచారు. ప్రతిఫలంగా స్కాచ్ విస్కీ మీద 150 శాతం సుంకాన్ని పదేళ్ళలో 40కి తగ్గిస్తాం, కార్ల మీద కోటా లెక్కన తగ్గిస్తాం. గేదెను ముట్టకుండా చెరువుకు దారి తీసిన బేరం అది, నాకు నచ్చింది. కాకపోతే బ్రిటన్ మార్కెట్ అమెరికా అంత పెద్దది కాదు.

సుంకం సున్నా అయితే అంతా అయిపోయినట్టు కూడా కాదు. యూరప్ 2016లో మన చెరువు రొయ్యల్లో సగం లాట్లను యాంటీబయాటిక్ పరీక్షకు లాగడం మొదలుపెట్టింది. ఒక డబ్బా పట్టుబడితే ఊరంతటికీ చెడ్డపేరు. సరుకు ఏ దేశానిది అన్న ప్రశ్న కూడా ఉంది. మన చెరువుల్లో పెంచే వెనామీ రకం తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి వస్తాయి. వాటి పిల్లలు మన హేచరీల్లో పుడతాయి, మన నీళ్ళలో పెరుగుతాయి. అది భారత రొయ్యా, కాదా? ఈ ప్రశ్నకు ప్రతి ఒప్పందంలోనూ విడిగా సమాధానం రాసుకోవాలి. ఆ రాసే గదిలో చెరువు తెలిసిన మనిషి ఉండాలా వద్దా?

మీకు ఒక పని అప్పగించి వెళ్తాను. యాంటీ డంపింగ్ ఆర్డర్ మీద ఏటా సమీక్ష అడిగే నెల ఫిబ్రవరి. ఆ ప్రశ్నపత్రంలో మీ చెరువు ఖర్చు గురించి ఎవరూ మిమ్మల్ని నేరుగా అడగరు, కంపెనీని అడుగుతారు. కంపెనీ ఏజెంటును అడుగుతుంది. అందుకని ఈ క్రాపు నుంచి సీడు, అంటే రొయ్య పిల్లలు, ఎక్కడ కొన్నారు, మేత ఎన్ని బస్తాలు, కరెంటు ఎన్ని యూనిట్లు, పట్టుబడి ఎన్ని కిలోలు, ఏ కౌంట్, ఎంతకు అమ్మారు, ఇవన్నీ తేదీలతో రాసి ఉంచండి. ఏజెంటు దగ్గర సంతకంతో రసీదు అడగండి. ఇవ్వనంటే మీ సంఘంలో చెప్పండి. కామర్స్ పిల్లలు పదిమంది ముందుకొస్తే ఆదివారాలు నేను వచ్చి ఆ ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో కూర్చోబెట్టి చూపిస్తాను. పాత కాపీ ఒకటి నా సంచిలో ఉంది, కింద బల్ల మీద పెడతాను. అందరూ ఒకసారి తిరగేసి చూడండి.